లోపలిది లోపలే ఉండాలి: లిపిడ్ వెసికిల్స్ తయారీ, నా ల్యాబ్ డైరీ

పని మొదలు

ఈ సెమిస్టరంతా నా బెంచ్ మీద ఒకటే పని. కణం చుట్టూ ఉండే పొరలాంటి దాన్ని, కణంతో సంబంధం లేకుండా, కేవలం లిపిడ్ (కొవ్వు జాతి) అణువులతో నీళ్ళలో కట్టాలి. అలా ఏర్పడిన గుండ్రటి వెసికిల్స్‌లో కాల్సీన్ అనే రంగును బంధించాలి. అది బయటికి కారకుండా నిలవాలి. నిలిచిందని తేలాక, తేనెటీగ విషంలో ఉండే మెలిటిన్ అనే పెప్టైడ్‌ను (చిన్న ప్రొటీన్ గొలుసును) దాని మీద వేసి, పొర ఎంత వేగంగా తూట్లు పడుతుందో కొలవాలి. బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్‌ల మీద ల్యాబ్‌లో జరగబోయే పని మొత్తానికి ఇదే పరీక్ష పరికరం.

అందుకే వెసికిల్ బాగా వచ్చిందా లేదా అని నేను చూసేది ఒక్కదానితోనే: లోపల పెట్టింది లోపలే ఉందా? మైక్రోస్కోప్ కింద అందంగా కనిపించడం, సైజు గ్రాఫ్ సన్నగా రావడం ఆ తర్వాతి మాట. ఊరికే కారిపోయే పొర మీద పెప్టైడ్ వేసి కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

లిపిడ్‌గా పీఓపీసీ తీసుకున్నాం. దాని తల భాగానికి నీళ్ళంటే ఇష్టం, రెండు తోకలకు పడదు. నీళ్ళలో పడగానే తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి తిరిగి రెండు వరుసల పొరగా సర్దుకుంటాయి. ఆ పొర మందం సుమారు 4 నానోమీటర్లు. పీఓపీసీ పొర గట్టి దశ నుంచి మెత్తటి దశకు మారేది మైనస్ 2 డిగ్రీల దగ్గర, కాబట్టి మామూలు గది వేడిలో ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. డీపీపీసీ అనే మరో లిపిడ్ అయితే 41 డిగ్రీలు, అంటే మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఉండే వేడి. దానితో పనిచేయాలంటే ప్రతి దశలోనూ నీళ్ళు, పరికరాలు అన్నీ అంతకన్నా వేడిగా ఉంచాలి. పైగా సరిగ్గా ఆ మార్పు జరిగే చోట గట్టి ముక్కలకూ మెత్తటి ముక్కలకూ మధ్య సందులు ఏర్పడి పొర బాగా కారుతుంది. మొదటి ప్రాజెక్టుకు ఆ తలనొప్పి అక్కర్లేదు.

అయితే పీఓపీసీకి తన బలహీనత తనకుంది. ఒక తోకలో ఉండే డబుల్ బాండ్ వల్లనే అది మెత్తగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ దాడి చేసేది కూడా అక్కడే. అందుకే సీసాను మైనస్ 20లో, ఆర్గాన్ నింపి, టెఫ్లాన్ మూతతో పెడతాం. తీసిన వెంటనే మూత తెరవకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లటి సీసాలోకి గాలిలో తేమ దిగుతుంది.

ఫిల్మ్ వేయడం

మొదటి బ్యాచ్ లెక్క: 2 మి.లీ.లో 10 మిల్లీమోలార్ లిపిడ్. పీఓపీసీ అణుభారం 760, కాబట్టి 15.2 మిల్లీగ్రాములు కావాలి. క్లోరోఫామ్‌లో మి.లీ.కి 25 మి.గ్రా. స్టాక్ ఉంది, అందులోంచి 608 మైక్రోలీటర్లు తీయాలి. ఇక్కడ గాజు సిరంజే వాడాలి. ప్లాస్టిక్ టిప్‌తో క్లోరోఫామ్ తీస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు అందులోకి దిగుతాయి, అవి నేరుగా మన పొరలో చేరతాయి. మా ఫ్యూమ్ హుడ్‌లో ఈ పని చేసే మూలకు ప్లాస్టిక్ టిప్‌ల డబ్బా రానివ్వడం మానేశాం.

గుండ్రటి అడుగున్న ఆర్‌బీ ఫ్లాస్క్‌ను రోటావేపర్‌కు (తిప్పుతూ ద్రావకాన్ని ఆవిరిచేసే పరికరానికి) తగిలించి, వ్యాక్యూమ్‌ను మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా లాగితే క్లోరోఫామ్ ఎగిరి మెడ దాకా చిమ్ముతుంది, లిపిడ్ అంతా అక్కడక్కడ గడ్డకడుతుంది. సరిగ్గా ఎండితే ఫ్లాస్క్ కింది సగం మీద ఏమీ లేనట్టే ఉంటుంది. లైటుకు అడ్డంగా పట్టుకుని కాస్త వంచి చూస్తే మాత్రం గాజు మీద పలచటి మసక కనిపిస్తుంది, అదే లిపిడ్ ఫిల్మ్. ఆ మసక అంతటా ఒకేలా ఉందా, ఒక పక్క మందంగా ఉందా అన్నది చూస్తాను. మందంగా ఉన్న చోట లిపిడ్ ఆలస్యంగా నానుతుంది, రాలి ముక్కలుగా తేలుతుంది.

కంటికి ఎండినట్టు కనిపించడం చాలదు. అణువుల మధ్య ఇంకా క్లోరోఫామ్ దాగి ఉంటుంది. రాత్రంతా హై వ్యాక్యూమ్‌లో పెట్టేశాను. మిగిలిపోయిన ద్రావకం పొరలోనే ఉండి దాన్ని వదులు చేస్తుంది, తర్వాత కాల్సీన్ ఎందుకు కారుతోందో అర్థంకాక వారాలు పోతాయి. ఈ దశలో మిగుల్చుకునే టైమంటూ ఏమీ లేదని నా అభిప్రాయం.

నానబెట్టడం

కాల్సీన్‌ను 60 మిల్లీమోలార్ గాఢతలో, పీహెచ్ 7.4 దగ్గర కరిగించాం. నీళ్ళలో ఊరికే కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు చుక్కలుగా వేస్తూ పోతే బురదలా ఉన్నది ముదురు నారింజ ద్రావణంగా తేరుకుంటుంది. ఇంత గాఢత ఎందుకంటే, అణువులు మరీ దగ్గరగా ఉంటే ఒకదాని వెలుగును మరొకటి అణచేస్తాయి. లోపల ఉన్నంతసేపు దాదాపు వెలగదు. బయటికి కారి పలచబడగానే ఆకుపచ్చగా వెలుగుతుంది. కారడాన్ని కొలవడానికి ఇంతకన్నా సులువైన ఏర్పాటు నాకు తెలియదు.

కరిగించాక, ద్రావణంలో కరిగి ఉన్నవాటి మొత్తం గాఢతను (ఆస్మోలారిటీని) చెప్పే ఆస్మోమీటర్‌లో చూశాం. బయట వాడబోయే బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) ఉప్పు సరిచేసి, రెండూ ఒకే అంకెకు తెచ్చాం. ఇది ఆషామాషీగా తీసుకోవాల్సిన దశ కాదు. బయట పలచగా ఉంటే నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి, వెసికిల్ ఉబ్బుతుంది. లిపిడ్ పొర విస్తీర్ణం నూటికి నాలుగైదు వంతులు సాగేసరికే చిరిగిపోతుంది. రబ్బరు బెలూన్‌ను మనసులో పెట్టుకుని వచ్చేవాళ్ళకు ఈ అంకె నమ్మబుద్ధి కాదు.

కాల్సీన్ పోసి ఫ్లాస్క్ తిప్పుతూ ఉంటే గోడ మీది ఫిల్మ్ పొరలు పొరలుగా లేచి వస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చిన అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది.

"అక్కా, నీళ్ళు పోస్తే వాటంతట అవే గుండ్రంగా అయిపోతాయన్నారుగా. మరి ఇంకా ఈ ఫ్రీజింగ్, ఫిల్టరూ ఎందుకు?"

"అవుతాయి. కానీ ఇప్పుడున్నవి ఒకదానిలో ఒకటి ఇమిడిన పొరలు, ఒక్కోటి ఒక్కో సైజు. మెలిటిన్ వేస్తే పై పొరకే తగులుతుంది. లోపలి పొరల్లో రంగు అలాగే ఉండిపోతే మనం దేన్ని కొలిచినట్టు?"

1964లో ఇంగ్లండ్‌లోని బాబ్రహాంలో అలెక్ బ్యాంగమ్, హార్న్ కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసింది కూడా ఇలాంటి పొరల దొంతరలనే. నీళ్ళలో చెదిరిన ఫాస్ఫోలిపిడ్ తనంతట తాను మూసుకుపోయిన సంచులు చేసుకుంటుందనీ, వాటిలో అయాన్లు నిలుస్తాయనీ ఆ తర్వాతి ఏడాది పేపర్లో తేలింది. వాళ్ళకూ అసలు ప్రశ్న లోపల ఏం నిలుస్తుంది అన్నదే.

లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, గోరువెచ్చటి వాటర్ బాత్‌లో కరిగించి, మళ్ళీ గడ్డకట్టించాం. మంచు స్ఫటికాలు పొరలను చీల్చడం, కరిగేటప్పుడు అవి మళ్ళీ అతుక్కోవడం వల్ల దొంతరలు తగ్గుతాయి. లోపలా బయటా కాల్సీన్ గాఢత కూడా సమానమవుతుంది.

ఎక్స్‌ట్రూజన్

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ, సన్నటి రంధ్రాల్లోంచి నెట్టి వెసికిల్స్‌ను ఒకే సైజుకు తేవడం. రెండు గాజు సిరంజీల మధ్య 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలీకార్బొనేట్ మెంబ్రేన్. ఒక సిరంజి నుంచి రెండోదానిలోకి నెట్టడం, అటు నుంచి ఇటు నెట్టడం. బేసి సంఖ్యలో నెట్టాలి, మేం 21 సార్లు నెడతాం. మొదలుపెట్టిన సిరంజిలో మెంబ్రేన్ దాటని ముద్దలు మిగిలి ఉండొచ్చు. ఆఖరి తోపు రెండో సిరంజిలో ముగిస్తే వాటి బెడద ఉండదు.

చేయి అలవాటయ్యేందుకు ముందు కాల్సీన్ లేకుండా ఖాళీ బఫర్‌తో ఒక బ్యాచ్ చేశాం, ఆ మార్పు కంటికి కనబడేది అందులోనే. సిరంజిలోకి తీసినప్పుడు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉంది. తొలి తోపుల్లో బొటనవేలికి గట్టిగా ఎదురొచ్చింది. తొందరపడి నొక్కితే మెంబ్రేన్ చిరుగుతుంది, అప్పుడు ఎదురు ఒక్కసారిగా పోతుంది. మంచి రన్‌లో అలా కాదు, ఎదురు మెల్లమెల్లగా తగ్గుతుంది. పదో తోపు దాటేసరికి తెలుపు విరిగి, సిరంజిని నల్లటి బెంచ్ ముందు పెట్టి చూస్తే అంచుల్లో లేత నీలం కనిపించింది. వెలుగుకు అడ్డంగా పెడితే అదే కాస్త పసుపు ఛాయలోకి తిరుగుతుంది. కాంతి తరంగం కన్నా బాగా చిన్న కణాలు నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి కాబట్టి. డీఎల్‌ఎస్ (చెదిరిన కాంతితో సైజు కొలిచే పరికరం) దాకా వెళ్ళకముందే సైజు దిగిందని ఆ నీలం చెప్పేస్తుంది.

ఈ రన్‌లో ఒక మెంబ్రేన్ పక్క నుంచి కారింది, ఓ-రింగ్ అరిగిపోయి ఉంది. మార్చాం.

సైజు, తర్వాత ఒక లెక్క

డీఎల్‌ఎస్‌లో సగటు వ్యాసం 120 నానోమీటర్ల చుట్టుపక్కల వచ్చింది, సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే పీడీఐ 0.1 లోపే. 100 రంధ్రంలోంచి కాస్త పెద్దవి రావడంలో ఆశ్చర్యం లేదు, పొర మెత్తటిది, సాగి దూరి అవతల మళ్ళీ గుండ్రమవుతుంది. శాంపిల్ పలచబరిచే బఫర్‌ను మాత్రం 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పంపాలి. ఒక్క దుమ్ము రేణువు చెదరగొట్టే కాంతి వేల వెసికిల్స్‌ను కప్పేస్తుంది.

సైజు తెలిసింది కాబట్టి కాగితం మీద లెక్కేశాం. సులువు కోసం 100 నానోమీటర్ల వెసికిల్ అనుకుందాం. బయటి వరుస, లోపలి వరుస కలిపి సుమారు 58 వేల చదరపు నానోమీటర్లు. ఒక్కో పీఓపీసీ తల దాదాపు 0.66 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే ఒక్కో వెసికిల్‌కు దాదాపు 88 వేల లిపిడ్‌లు. లోపలి ఖాళీలో, 60 మిల్లీమోలార్ దగ్గర, దాదాపు 15 వేల కాల్సీన్ అణువులు.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచింది ఇంకో అంకె. 10 మిల్లీమోలార్ లిపిడ్ వాడితే, మొత్తం ద్రావణంలో వెసికిల్స్ లోపల ఉన్న నీళ్ళు 3 శాతం కూడా ఉండవు. మనం పోసిన కాల్సీన్‌లో 97 శాతానికి పైగా బయటే ఉంది! ఖరీదైన మందును ఇలా బంధించాలనుకుంటే ఎంత వృథా అవుతుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. యాంఫోటెరిసిన్ బి లాంటి ఫంగస్ మందుకు ఈ చిక్కు లేదు, అది నీళ్ళలో కాకుండా పొరలోనే ఇముడుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి పేరు, లైపోజోమల్ (లిపిడ్ వెసికిల్స్‌లో ఉంచిన) యాంఫోటెరిసిన్ కొరత ప్రతి ఇంట్లో విన్నాం. మామూలు యాంఫోటెరిసిన్‌తో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ, లిపిడ్ పొరలో ఉంచి ఇస్తే బాగా తగ్గుతుంది. అప్పట్లో ఆ ఇంజెక్షన్ కోసం ఊళ్ళు తిరిగిన మనుషులు నాకు తెలుసు. ఈ బెంచ్ మీద పని చేస్తుంటే వాళ్ళు గుర్తొస్తారు.

కాలమ్

బయటున్న ఆ 97 శాతాన్ని తీసేయాలి. సెఫాడెక్స్ జీ-50 అనే జెల్ గింజలతో కాలమ్ పోసి, ఆస్మోలారిటీ సరిచేసిన బఫర్‌తో కడిగాం. కొత్త కాలమ్ కొంత లిపిడ్‌ను మింగేస్తుంది, అందుకని ముందు ఖాళీ వెసికిల్స్‌ను ఒకసారి పంపాం.

ముదురు నారింజ రంగు పట్టీ కాలమ్ పైన దిగింది. కాసేపు అలాగే మందంగా దిగుతూ వచ్చింది. తర్వాత ముందు అంచు విడిపోయింది. మసకగా, పాలిపోయిన నారింజ రంగులో ఒక పలచటి పట్టీ వేరుపడి ముందుకు సాగింది. దాని వెనక తెల్లటి ఖాళీ. ఆ వెనక ముదురు పట్టీ, అంచుల్లో పలచబడిన చోటల్లా పచ్చగా మెరుస్తూ. ముందు వెళ్ళేది మన వెసికిల్స్, జెల్ గింజల రంధ్రాల్లో పట్టవు కాబట్టి పక్క నుంచి జారిపోతాయి. విడి కాల్సీన్ ప్రతి గింజలోకీ దూరుతూ ఆలస్యంగా వస్తుంది. రెండిటి మధ్య ఖాళీ ఎంత శుభ్రంగా ఉంటే ఆ రోజు అంత ప్రశాంతంగా గడుస్తుంది.

కారుతోందా?

క్యూవెట్‌లో కాలమ్ శాంపిల్ కొద్దిగా, 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు వేసి 520 దగ్గర చదివాం. అంకె తక్కువగా ఉంది. అరగంట వదిలేశాం, గీత దాదాపు అడ్డంగానే సాగింది. చివర్లో ట్రైటాన్ ఎక్స్-100 చుక్క వేసి కలిపితే, డిటర్జెంట్‌కు పొరలన్నీ కరిగి, క్యూవెట్ మొత్తం ఒక్క క్షణంలో పచ్చబడింది. ప్రాజెక్టుకు వచ్చిన అమ్మాయి చేత్తోనే ఆ చుక్క వేయించాను.

ట్రైటాన్ తర్వాతి అంకెను 100 శాతంగా, మొదటి అంకెను సున్నాగా పెట్టుకుంటే మధ్యలో ఎప్పుడు ఎంత కారిందో లెక్కకు వస్తుంది. 4 డిగ్రీల్లో దాచిన శాంపిల్‌ను మరుసటి రోజు మళ్ళీ చూశాం, తేడా స్వల్పం. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకడితే పొర చిరుగుతుంది.

పక్కదారి: జెయింట్ వెసికిల్స్

100 నానోమీటర్ల వెసికిల్‌ను మామూలు మైక్రోస్కోప్‌లో చూడలేం. పొర తూట్లు పడటం కళ్ళారా చూడాలంటే 10 నుంచి 50 మైక్రాన్లవి కావాలి. మన ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లే. మా ల్యాబ్ మేడమ్ ఎలక్ట్రోఫార్మేషన్ (కరెంట్ సాయంతో పెద్ద వెసికిల్స్ పెంచడం) చేయమన్నారు. 1986లో బల్గేరియాలోని సోఫియాలో ఆంగెలోవా, దిమిత్రోవ్ ఇచ్చిన పద్ధతి, ఇప్పటికీ చాలామంది వాడేది.

ఐటీఓ అనే, కరెంట్ పారే పారదర్శక పదార్థం ఒక వైపు పూసిన గాజు పలకలు రెండు. ఏ వైపు కరెంట్ పారుతుందో కంటికి తెలియదు, మల్టీమీటర్ పెట్టి చూడాలి. ఆ వైపు లిపిడ్ పలచగా రాసి ఆరబెట్టి, మధ్యలో సిలికాన్ స్పేసర్ పెట్టి, 300 మిల్లీమోలార్ సుక్రోజ్ నింపి, 10 హెర్ట్జ్ ఏసీ ఇచ్చాం. వోల్టేజ్ మెల్లగా పెంచి రెండు గంటలు వదిలేసి, చివర్లో 2 హెర్ట్జ్‌కు దించితే వెసికిల్స్ గాజు నుంచి ఊడివస్తాయి.

వాటిని అదే ఆస్మోలారిటీ ఉన్న గ్లూకోజ్‌లో వేశాం. లోపల సుక్రోజ్ బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, రెండు చక్కెరల వక్రీభవన గుణకం వేరు కాబట్టి ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్‌లో లోపలి భాగం ముదురుగా, అంచు మెరుస్తూ కనిపిస్తుంది. గ్లూకోజ్ కొంచెం ఎక్కువైన స్లైడ్‌లో లోపలి నీళ్ళు తగ్గి వెసికిల్స్ వదులయ్యాయి. వాటి అంచు నిలకడగా లేదు, వేడికి అలలు అలలుగా కదులుతూనే ఉంది. 4 నానోమీటర్ల పొర కదలికను కంటితో చూస్తున్నానన్న మాట! ఆ రోజు లంచ్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

లాభం ఇంకోటి కూడా ఉంది. వెసికిల్ కారితే లోపలి సుక్రోజ్, బయటి గ్లూకోజ్ కలిసిపోయి ఆ ముదురు రంగు పోతుంది. కాల్సీన్ బంధించకుండానే కారడం తెలుస్తుంది. చిక్కల్లా ఉప్పుతో. ఉప్పున్న బఫర్‌లో ఈ 10 హెర్ట్జ్ పద్ధతి సరిగ్గా పనిచేయదు. దాని కోసం పీవీఏ అనే పాలిమర్ జెల్ మీద నానబెట్టే పద్ధతి ప్రయత్నించాలి. గాజును ముందు బీఎస్‌ఏ అనే ప్రొటీన్‌తో పూయకపోతే వెసికిల్స్ అంటుకుని పగులుతున్నాయి, ఇది మాత్రం ఖాయంగా చూశాం.

మెలిటిన్, మొదటిసారి

మళ్ళీ చిన్న వెసికిల్స్‌కు. మెలిటిన్ 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్. విషం నుంచి తీసిన సరుకులో ఫాస్ఫోలిపేజ్ అనే ఎంజైమ్ కలిసి ఉండే అవకాశం ఉంది, అది లిపిడ్‌ను కోసేస్తుంది, ఆ కోతను మనం మెలిటిన్ ఖాతాలో రాసేస్తాం. అందుకే ల్యాబ్‌లో సంశ్లేషించినదే తెప్పించాం.

పీఓపీసీ వెసికిల్స్‌లో వేయగానే గీత నిట్టనిలువుగా లేచి, మెల్లగా వంగి సమమైంది. 30 శాతం కొలెస్ట్రాల్ కలిపి చేసిన బ్యాచ్‌లో అదే మోతాదుకు గీత బాగా కిందనే ఆగిపోయింది. మన తార్నాక దగ్గరి సీసీఎంబీలో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో) రఘురామన్, అమితాబ ఛటోపాధ్యాయ 2004లో ప్రచురించిన పనిలో ఇదే ఉంది: కొలెస్ట్రాల్ మెలిటిన్ వల్ల కారడాన్ని అడ్డుకుంటుంది, ఎంత ఎక్కువ కొలెస్ట్రాల్ ఉంటే అంత ఎక్కువగా. ఆ ఫలితం మా బెంచ్ మీద అదే దిశలో కనిపించడం నాకు చాలా ధైర్యమిచ్చింది.

కానీ ఇంకా పోల్చి చెప్పలేను. కాలమ్ దాటాక రెండు బ్యాచ్‌లలో లిపిడ్ ఎంత మిగిలిందో తెలియాలి. మెలిటిన్ పని అంతా పెప్టైడ్‌కూ లిపిడ్‌కూ ఉన్న నిష్పత్తి మీదే నడుస్తుంది. ఒకదానిలో లిపిడ్ ఎక్కువ మిగిలి ఉంటే, కొలెస్ట్రాల్‌తో పనిలేకుండానే గీత కిందికి వస్తుంది. స్టూవర్ట్ పరీక్ష పెట్టబోతున్నాం, ఫెర్రిక్ థయోసయనేట్‌తో పీఓపీసీ కలిసి క్లోరోఫామ్‌లో ఎర్రగా దిగుతుంది, ఆ ఎరుపును కొలిస్తే లిపిడ్ లెక్క తెలుస్తుంది. కొలెస్ట్రాల్ ఆ లెక్కలోకి రాదు కాబట్టి దాన్ని నిష్పత్తి ప్రకారం కలుపుకోవాలి.

వచ్చే వారం పని: కొలెస్ట్రాల్ 0, 10, 20, 30, 40 శాతాలతో ఐదు ఫిల్మ్‌లు ఒకే సాయంత్రం వేయడం, ఒకే కాల్సీన్ సీసాతో నానబెట్టడం, ప్రతిదానికీ కొత్త మెంబ్రేన్. ముందు ఊరికే కారుతున్నాయా అని ఐదింటినీ చూస్తాం. అది దాటిన వాటి మీదే మెలిటిన్.